వానలో లేచిన సెస్నా: చట్టం పాపను చూసింది, నివేదిక పెద్దల తొందరను చూపింది

1996 ఏప్రిల్ 11 ఉదయం. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం, షయాన్ విమానాశ్రయం. ఏడేళ్ల జెస్సికా డుబ్రాఫ్ బయల్దేరే ముందు తల్లికి ఫోన్ చేసి, వాన చప్పుడు వినిపిస్తోందా అని అడిగింది. 8 గంటల 24 నిమిషాల ప్రాంతంలో ఆమె కూర్చున్న సెస్నా 177బి రన్‌వే వదిలింది. కొన్ని వందల అడుగులు లేచిందో లేదో, కుడివైపు తిరిగి, అదుపు తప్పి, నిట్టనిలువుగా ఇళ్ల మధ్య కూలిపోయింది. పాప, ఆమె తండ్రి, శిక్షకుడు ముగ్గురూ చనిపోయారు.

పసిఫిక్ తీరం నుంచి అట్లాంటిక్ తీరానికి వెళ్లి, ఎనిమిది రోజుల్లో తిరిగి రావాలన్నది వాళ్ల ప్రయాణం. అతి పిన్న వయసు పైలట్ అన్న రికార్డులను గిన్నిస్ సంస్థ అప్పటికే ఎత్తేసింది. అయినా కెమెరాలు వెంటపడ్డాయి. పాప కాళ్లు పెడళ్లకు అందవని వాటికి అదనపు ముక్కలు బిగించారు, కిందికి మెత్త వేశారు. టీవీకి అంతకన్నా ముచ్చటైన దృశ్యం ఏముంటుంది?

ప్రమాదం జరగ్గానే దేశమంతా ఒకటే మాట: పసిదాని చేతికి విమానం ఇస్తారా? అడగాల్సిన ప్రశ్నే. కానీ అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు, ఎన్‌టీఎస్‌బీ, తేల్చింది వేరు. ఆ క్షణంలో విమానం నడిపింది శిక్షకుడేనని దర్యాప్తులో తేలింది. అంటే కూలింది పెద్దమనిషి చేతిలో. మరి లైసెన్సున్న పైలట్ చేతిలో ఎందుకు కూలింది?

షయాన్ సముద్రమట్టానికి 6,156 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన. ఆ రోజు వాతావరణాన్ని బట్టి లెక్కేస్తే విమానానికి అది 6,670 అడుగుల ఎత్తుతో సమానం. పలచని గాలిలో ఇంజిన్‌కు బలం తగ్గుతుంది, ప్రొపెల్లర్ లాగుడు తగ్గుతుంది, రెక్కలకు ఆసరా తగ్గుతుంది. శిక్షకుడికి అలవాటైంది సముద్రతీరంలోని కాలిఫోర్నియా గాలి. పైగా విమానంలో పరిమితికి మించి 96 పౌండ్ల బరువుంది, అంటే 43 కిలోల పైమాటే. మైదానంలో, మంచి ఎండలో అయితే ఆ బరువుతోనూ గట్టెక్కేవారేమో. ఇక్కడ ఉరుముల మబ్బు మీదికొస్తోంది, ఈదురుగాలి కొడుతోంది. అంతకు కాస్త ముందే వెళ్లిన మరో చిన్న విమానం పైలట్, గాలి వేగం ఉన్నట్టుండి మారిపోతోందని టవర్‌కు చెప్పారు. ఆ కబురు వీళ్లకూ చేరింది.

విమానం పడింది స్టాల్ వల్లనని బోర్డు తేల్చింది. ఆ మాట విడమరచి చెప్పాలి. కారు ఆగిపోయినట్టు ఇంజిన్ ఆగిపోవడం కాదిది. రెక్క మీద గాలి సాఫీగా పారినంతసేపే విమానం నిలుస్తుంది. వేగం చాలక ముక్కు పైకెత్తితే ఆ పారకం తెగిపోతుంది, రెక్క మోయడం మానేస్తుంది. పదివేల అడుగుల పైన ఇది జరిగితే ముక్కు దించి వేగం పుంజుకోవచ్చు. టేకాఫ్ అయిన నిమిషానికే జరిగితే దించడానికి కింద చోటుండదు. తిరగకుండా నేరుగా, మెల్లగా ఎక్కాల్సిన ఆ ఘడియలో వాళ్లు మలుపు తీసుకున్నారు. మలుపులో రెక్కకు ఇంకాస్త ఎక్కువ వేగం కావాలి. వాళ్ల విమానానికి లేనిదే ఆ వేగం.

నివేదికలో నన్ను పట్టి కుదిపింది ఈ లెక్కలు కాదు. ప్రమాదానికి దోహదం చేసిన అంశంగా బోర్డు ఒక సంగతి రాసింది: అతిగా ఆశపడి వేసుకున్న ప్రయాణ ప్రణాళికను నిలబెట్టుకోవాలన్న తపన, అందులో కొంత మీడియాకిచ్చిన మాటల వల్ల. ఓ టీవీ నెట్‌వర్క్ తండ్రికి వీడియో కెమెరా, ఖాళీ క్యాసెట్లు ఇచ్చింది. ఆ ఉదయం కూడా ఇంటర్వ్యూలయ్యాయి. వాతావరణం బాగాలేదు, ఈ పూట ఆగిపొమ్మని స్థానిక రేడియో వ్యక్తి ఒకరు అన్నా, ఉరుముల మబ్బు మీదికి రాకముందే వెళ్లిపోదామంటూ తండ్రి ఒప్పుకోలేదు.

అదే ఏడాది అక్టోబరులో అమెరికా చట్టం తెచ్చింది. కనీసం ప్రైవేటు పైలట్ లైసెన్సు, వైద్య ధ్రువీకరణ లేనివారు రికార్డు కోసం చేసే ప్రయాణంలో కంట్రోల్స్ ముట్టుకోకూడదు. మంచి చట్టమే. కానీ అది పట్టుకున్నది పిల్లల చేతులను. ఆ ఉదయం తప్పిన నిర్ణయం లైసెన్సున్న మనిషిది, ఆయన్ను తరిమింది టైంటేబుల్. దానికి ఏ సెక్షనూ రాలేదు. నా దృష్టిలో ఆ చట్టం సగమే.

చిన్న విమానం అనగానే తెలుగువాళ్లకు బెంగళూరులోని జక్కూరు ఎయిర్‌ఫీల్డ్ గుర్తొస్తుంది. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయల్దేరిన నటి సౌందర్య, సెస్నా 180 టేకాఫ్ అయిన కాసేపటికే కూలి కన్నుమూశారు. మొత్తం నలుగురు పోయారు. ఆమె రూపం మనకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. విమానం ఎందుకు పడిందన్న ప్రశ్న మాత్రం వార్త పాతబడేసరికి పక్కకు పోయింది. మన దేశంలో విమాన ప్రమాదాల దర్యాప్తుకు విడిగా విమాన ప్రమాద దర్యాప్తు బ్యూరో, ఏఏఐబీ, ఏర్పడింది 2012లో. తప్పెవరిదని నిలదీయడం దాని పని కాదు, మళ్లీ జరగకుండా చూడటం. నివేదికలు చదివి అడిగే పని పత్రికలది, పాఠకులది.

డెస్కులో కూర్చున్న నాలాంటివాళ్లం ఎన్నికల వేళ ఫోనెత్తితే, ప్రచారానికి విమానంలో వెళ్లే నేతల గురించి అడిగే మొదటి మాట "బయల్దేరారా?" అన్నదే. సభ ఆలస్యమైతే స్క్రోలింగ్‌లో జాప్యం అని వేస్తాం, జనం ఎండలో ఎదురుచూపులంటూ రాస్తాం. అక్కడ మబ్బు పట్టిందా, గాలి ఎలా ఉంది, పైలట్ ఏమన్నారు అని అడిగిన రోజులు నాకు గుర్తు లేవు.