కాకినాడలో పెన్సిలిన్ తయారవుతోంది సరే, కొనేదెవరు?

2020 మార్చి 3న కేంద్ర ప్రభుత్వం పారాసిటమాల్ సహా 26 రకాల ముడి ఔషధాలు (మందుల్లో పనిచేసే అసలు పదార్థాలు), మందుల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. ప్రపంచమంతటికీ చవకగా మందులు పంపే దేశం అంత హఠాత్తుగా గేట్లు వేసుకోవలసి వచ్చింది. మన కర్మాగారాలకు సామర్థ్యం చాలక కాదు, చైనాలో కొవిడ్ లాక్‌డౌన్ వల్ల అక్కడి నుంచి రావలసిన రసాయనాలు నిలిచిపోయే పరిస్థితి ఏర్పడి. ఆ ఆంక్షలను మరుసటి నెలలోనే సడలించారు గానీ, వాటి వెనక ఉన్న బలహీనత ఇప్పటికీ తీరలేదు. మనం దిగుమతి చేసుకునే ముడి ఔషధాల్లో, వాటి తయారీకి కావలసిన మధ్యదశ రసాయనాల్లో, అంటే ఇంటర్మీడియట్లలో, మూడింట రెండు వంతులకు పైగా నేటికీ చైనావే.

ఈ సరఫరా గొలుసు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే పెన్సిలిన్-జి అనే ముడిసరుకును చూడాలి. దాని నుంచి 6-ఏపీఏ అనే ఇంటర్మీడియట్ తయారవుతుంది, దాని నుంచి అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ అనే యాంటీబయోటిక్స్ వస్తాయి. ఇదే పెన్సిలిన్-జి మరో దారిలో 7-ఏడీసీఏగా మారి సెఫలెక్సిన్ వంటి మందులకు మూలమవుతుంది. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు గుండె కవాటాలు దెబ్బతినకుండా మూడు నాలుగు వారాలకొకసారి ఏళ్ల తరబడి ఇచ్చే బెంజథీన్ ఇంజెక్షనూ దీనితోనే చేస్తారు. పెద్ద లాభం లేని ఆ ఇంజెక్షన్‌కు ముడి ఔషధం తయారుచేసే కంపెనీలు ప్రపంచంలోనే కొద్ది. అందుకే ఎన్నో దేశాల్లో దానికి పదేపదే కొరత ఏర్పడింది.

పెన్సిలిన్ తయారీ మనకు కొత్త విద్యేమీ కాదు. పింప్రిలోని హిందుస్థాన్ యాంటీబయోటిక్స్ 1955లోనే ఉత్పత్తి మొదలుపెట్టింది. 1961లో ఏర్పాటైన ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్ సోవియట్ సహకారంతో రుషికేశ్‌లో యాంటీబయోటిక్స్ కర్మాగారాన్ని, హైదరాబాద్‌లో సింథటిక్ మందుల కర్మాగారాన్ని నెలకొల్పింది. డాక్టర్ రెడ్డీస్ వ్యవస్థాపకుడు అంజిరెడ్డితో సహా హైదరాబాద్ బల్క్ డ్రగ్ (ముడి ఔషధ) పరిశ్రమను నిలబెట్టిన పలువురు ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. అయితే వారు ఆరితేరింది రసాయన సంశ్లేషణలో. ఫెర్మెంటేషన్, అంటే సూక్ష్మజీవులతో పులియబెట్టి మందు తీసే పద్ధతి, దానికి భిన్నమైన వ్యాపారం. దానికి చవకైన గ్లూకోజ్, ధారాళంగా ఆవిరి, క్షణం కూడా ఆగని కరెంటు కావాలి. బ్యాచ్‌లోకి అక్కరలేని సూక్ష్మజీవి ఒక్కటి చేరినా మొత్తం పారబోయవలసిందే. 1990ల తరువాత సుంకాలు తగ్గి, భారీ సామర్థ్యంతో తయారైన చైనా సరుకు చవకగా వచ్చిపడేసరికి మన ప్లాంట్లు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. ఆనాడు కంపెనీలు తీసుకున్న నిర్ణయం లెక్క ప్రకారం సరైనదే. ఆ లెక్కలో కొరత వచ్చిన రోజుకయ్యే ఖర్చు లేదు, అంతే.

కొవిడ్ తరువాత ఆ ఖర్చును కొంతవరకు ప్రభుత్వం భరించడానికి ముందుకొచ్చింది. 6,940 కోట్ల రూపాయలతో 41 ఉత్పత్తులకు ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకం ప్రకటించింది. దాని కింద అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ లైఫియస్ కాకినాడ జిల్లాలో ఏడాదికి 15,000 టన్నుల సామర్థ్యంతో కట్టిన పెన్సిలిన్-జి ప్లాంటు 2024లో ఉత్పత్తిలోకి వచ్చింది. దశాబ్దాల విరామం తరువాత ఇది నిస్సందేహంగా పెద్ద విజయమే.

చిక్కంతా ఆ తరువాతే మొదలైంది. మన ఉత్పత్తి మొదలయ్యాక చైనా సరఫరాదారుల ధరలు దిగివచ్చాయి. దిగుమతులకు కనీస ధర నిర్ణయించాలని ఉత్పత్తిదారులు కోరారు. అలా చేస్తే తమ ఖర్చు పెరుగుతుందని, ఆ పెంపును మందు ధరలో కలుపుకునే వీలు తమకు లేదని అమాక్సిసిలిన్ మాత్రలు తయారుచేసే చిన్న కంపెనీలు అన్నాయి. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. అత్యవసర మందుల గరిష్ఠ ధరను ఔషధ ధరల నియంత్రణ సంస్థ నిర్ణయిస్తుంది. ఏటా టోకు ధరల సూచీని బట్టి జరిగే సవరణే తప్ప ముడిసరుకు పెరిగినప్పుడల్లా ధర పెంచుకోవడం కుదరదు. కొన్ని మందుల తయారీ గిట్టుబాటు కాకపోవడంతో 2024 అక్టోబరులో ఆ సంస్థే ఎనిమిది మందుల గరిష్ఠ ధరలను 50 శాతం పెంచవలసి వచ్చింది. ఆ జాబితాలో బెంజైల్ పెన్సిలిన్ ఇంజెక్షన్ కూడా ఉంది.

ఇక అతిపెద్ద కొనుగోలుదారుల్లో ఒకటైన ప్రభుత్వం సంగతి. ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాసుపత్రులకు మందులు టెండర్ల ద్వారానే కొంటారు. నాణ్యత అర్హతలు దాటాక నిర్ణాయకం ధరే, తక్కువకు కోట్ చేసిన ఎల్-1కే ఆర్డరు. ఒక చేత్తో స్వదేశీ పెన్సిలిన్‌కు ప్రోత్సాహకమిస్తూ, రెండో చేత్తో ఎవరి ముడిసరుకు చవకైతే వారికే ఆర్డరిచ్చే విధానం ఇది. నా దృష్టిలో ఈ సరఫరా గొలుసులో అసలు బలహీనమైన లంకె ఇదే. దూరమూ, ఓడల రాకపోకలూ దీని తరువాతివే. 2023 చివర ఎర్రసముద్రంలో దాడులు మొదలై ఓడలు ఆఫ్రికాను చుట్టి వెళ్లవలసి వచ్చినప్పుడు యూరప్ సరుకుకు సుమారు రెండు వారాలు ఆలస్యమైంది, రవాణా చార్జీలు పెరిగాయి, అయినా మందులు చేరాయి. ఇంటర్మీడియట్టే లేకపోతే ఓడలోకి ఎక్కించడానికే ఏమీ ఉండదు.

కొరత వచ్చినప్పుడు సరఫరాదారుణ్ని మార్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. మందుల విషయంలో అది అంత తేలిక కాదు. ముడి ఔషధం ఇచ్చే కంపెనీ మారితే కొత్త సరుకుతో బ్యాచ్‌లు తీసి, నెలల తరబడి స్థిరత్వ పరీక్షలు జరిపి, అమ్మే ప్రతి దేశంలోనూ నియంత్రణ సంస్థ అనుమతి పొందాలి. కాబట్టి రెండో సరఫరాదారుతో అవసరం లేనప్పుడే పరిచయం పెట్టుకుని, అతనికి ఎంతో కొంత ఆర్డరు ఇస్తూ ఉండాలి. ఇప్పుడు విదేశీ కంపెనీలు ‘చైనా ప్లస్ వన్’ (చైనాకు తోడు మరో దేశం) పేరుతో మన దగ్గరికి వస్తున్నది అందుకే. జీడిమెట్లలోనో పరవాడలోనో ఉన్న ఆ ‘ప్లస్ వన్’ కూడా అదే చైనా ఇంటర్మీడియట్ మీద ఆధారపడితే, కొనేవారికి రెండు దారులున్నట్టు కాగితం మీద మాత్రమే కనిపిస్తుంది.

స్వదేశీ ఉత్పత్తి అనగానే మరచిపోకూడని ఖర్చు మరొకటి ఉంది. పటాన్‌చెరు పరిసరాల్లో పరిశ్రమల వ్యర్థాలతో వాగులూ భూగర్భజలాలూ ఏమయ్యాయో అక్కడి రైతులకు తెలుసు. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో 17 మందిని, 2025 జూన్‌లో పాశమైలారంలో పదుల సంఖ్యలో కార్మికులను ఫార్మా ప్రమాదాలు బలిగొన్నాయి. చైనా ధరతో పోటీపడే తొందరలో వ్యర్థజలాల శుద్ధికీ, కార్మికుల భద్రతకూ కోత పెడితే ఆ బిల్లు అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో రానున్న బల్క్ డ్రగ్ పార్కు చుట్టుపక్కల ఊళ్లకు వెళుతుంది.

ఫెర్మెంటేషన్ ఉత్పత్తులకు ఉత్పత్తి ఆధారిత పథకమిచ్చే ప్రోత్సాహకం మొదటి నాలుగేళ్లు అమ్మకాల్లో 20 శాతం, ఐదో ఏట 15, చివరి ఏడాదైన 2028-29లో 5 శాతం. ఆ తరువాత ఏమీ ఉండదు. ఆలోగా ప్రభుత్వ ఆసుపత్రుల టెండర్లలో కనీసం ముఖ్యమైన యాంటీబయోటిక్స్‌కైనా ఇంటర్మీడియట్ ఎక్కడిదో చెప్పాలన్న షరతు రావాలి. దేశీయ సరుకుతో చేసిన మందుకు ధరలో కొంత వెసులుబాటు, కొన్నేళ్ల కొనుగోలు ఒప్పందం ఉండాలి. దిగుమతులకు కనీస ధర పెట్టినా, దానికి తగ్గట్టు మందుల గరిష్ఠ ధరను అదే రోజున సవరించాలి. వీటివల్ల ఆరోగ్యశాఖ బడ్జెట్ మీద భారం పెరుగుతుంది. ఆ భారమెంతో లెక్కగట్టి చట్టసభల ముందు పెట్టడం కష్టమేమీ కాదు, ఏ మందు ఎన్ని లక్షల మాత్రలు కొంటున్నారో కొనుగోలు సంస్థల రికార్డుల్లో ఉండనే ఉంది.