ఫిట్టా, అన్‌ఫిట్టా? మధ్యలో గడి లేదు

బావకి గాజువాక ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్ ఉంది, ఇనప ప్లేట్లు కోసి అతికే పని, పనివాళ్లు 14 మంది. బావమరిది రైల్వేలో, వాల్తేరు డివిజన్‌లో చేసి రిటైరయ్యాడు. షెడ్‌లో ఫిట్టరు ఒకడు దాదాపు మూడు నెలల కిందట ఆదివారం పూట బండి మీంచి పడ్డాడు. ఎడమ ముంజేతిలో రెండు ఎముకలూ విరిగితే ప్లేటు వేశారు. ఇప్పుడు డాక్టరు పనికి వెళ్లొచ్చు గానీ రెండు నెలలు బరువులు ఎత్తొద్దన్నాడు. వాణ్ణి ఇప్పుడే తేలిక పనికి, సగం పూటైనా, పిలవమని బావమరిది; పూర్తిగా తగ్గాకే రమ్మని బావ. మనుషులూ మాటలూ నా కల్పనే. నేను బావమరిది పక్షం, ముందే చెప్పేస్తున్నా. అయినా బావ దగ్గరా సరుకుంది.

బావ: ఫిట్ అయితే రమ్మను, కాకపోతే ఇంకో రెండు నెలలు ఇంట్లో ఉండమను. సగం చేతికి నా దగ్గర పని లేదు.

బావమరిది: మా రైల్వేలో ఇలా అనరు బావా. ఇంజన్ నడిపేవాడికి చూపు తగ్గితే మెడికల్ డీకేటగరైజ్ చేసి, అంటే ఆ పనికి ఆరోగ్యం చాలదని రాసి, అదే స్కేలుతో వేరే పోస్టులో కూర్చోబెడతారు. 2016 వికలాంగుల చట్టంలో కూడా ఉంది, సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగం తీసెయ్యకూడదని.

బావ: ఆ మాట ప్రభుత్వ సంస్థలకి రాశారు, నాకు కాదు. రైల్వేకి లక్షల పోస్టులున్నాయి, ఎక్కడో ఒకచోట కుర్చీ దొరుకుతుంది. నా షెడ్‌లో కుర్చీ ఒకటే, అందులో నేను కూర్చుంటా. సరే, నీ మాట మీదే సగం పూట రమ్మన్నాననుకో. వాడి కూలి రోజుకి 600. కార్మికుల బీమా ఈఎస్‌ఐ వాళ్లు జబ్బు రోజులకి సిక్‌నెస్ బెనిఫిట్ కింద 70 శాతం ఇస్తారు, అంటే 420. పని చేసిన రోజుకి ఆ డబ్బు రాదు, అది రూలు. సగం పూటకి నేను 300 ఇస్తే వాడికి 120 నష్టం. ఇంట్లో పడుకున్నవాడికి 420, చెయ్యి నొప్పెడుతున్నా వచ్చినవాడికి 300. ఇది నేను పెట్టిన రూలేటి?

బావమరిది: కాదు. అక్కడ నువ్వు చెప్పింది కరెక్టే. మన సర్టిఫికెట్‌లో ఫిట్, అన్‌ఫిట్, అంతే. బ్రిటన్‌లో 2010 నుంచి డాక్టరు రాసే కాగితంలో మూడో దారి కూడా ఉంది, ఈ మార్పులు చేస్తే పనికి వెళ్లొచ్చు, గంటలు మెల్లగా పెంచొచ్చు అని రాస్తాడు. జర్మనీలో అయితే మొదట రెండు గంటలు, తర్వాత నాలుగు, ఆరు. అన్నాళ్లూ లెక్కలో వాడు రోగే, డబ్బు బీమా ఫండే ఇస్తుంది.

బావ: జర్మనీ గాజువాకలో ఉందేటిరా? అసలు ఆ ప్లేటూ గీటూ లేకుండా పుత్తూరు కట్టు కట్టించుంటే ఈపాటికి సుత్తి పట్టేవాడు.

బావమరిది: రెండు ఎముకలు విరిగితే కట్టేటి బావా! మన చిన్నాన్న చెయ్యి ఏమయింది? ఇప్పటికీ గ్లాసు తిన్నగా పట్టుకోలేడు.

బావ: చిన్నాన్న కట్టు పదో రోజునే విప్పేశాడు. తప్పు కట్టుదా, ఆయనదా?

బావమరిది: విప్పమన్నది నువ్వే, పెళ్లికి షర్టు చెయ్యి పట్టడం లేదని. సర్లే, అది వదిలెయ్. 420 లెక్క చెప్పావు కదా, ఆ డబ్బు ఏడాదికి 91 రోజులే. ఇంకో వారంలో అయిపోతాయి. ఆ తర్వాత ఇంట్లో కూర్చుంటే వచ్చేది సున్నా. అప్పుడేం చేస్తాడో నేను చెప్తా విను. చేబదుళ్లు తెచ్చి పది రోజులు ఆగుతాడు, పదకొండో రోజు పొద్దున్నే నీ ముందుకొచ్చి "పూర్తిగా తగ్గిపోయింది సార్" అంటాడు. పూర్తిగా తగ్గితేనే రమ్మన్నావు కాబట్టి అలాగే చెప్తాడు. నువ్వు అడిగింది ఆరోగ్యం, వాడు తెచ్చేది అబద్ధం. ఆ రోజే గ్రైండర్ ఇస్తావు, ఇనప ప్లేటుకి ఆ కొస పట్టుకోమంటావు, నొప్పని అనలేడు, అంటే మళ్లీ ఇంటికే. అదే ఇప్పుడు రమ్మంటే ఏ చెయ్యి బాగాలేదో షెడ్ అంతా తెలుస్తుంది. డ్రాయింగ్ చదవడం నీ షెడ్‌లో వాడికొచ్చినట్టు ఎవరికొచ్చు? మార్కింగ్ చెయ్యనీ, కొలతలు చూడనీ, వెల్డింగ్ రాడ్లు లెక్కపెట్టి ఇవ్వనీ. మొన్న బ్రాకెట్లకి బోల్టు కన్నాలు తప్పేసి మొత్తం మళ్లీ కట్ చేశారన్నావే, ఆ మార్కింగ్ ఎవడు చేశాడు?

బావ: (కాసేపు ఆగి) హెల్పర్ చేశాడు. అది వేరు. నా భయం అది కాదురా. బరువులెత్తే గొలుసు కప్పీ, అదే చైన్ బ్లాక్, దాని మీద ఇనప ప్లేటు తిరుగుతుంటే రెండు చేతులున్నవాడే ఒక్కోసారి తప్పుకోలేడు. వాడికి నా షెడ్‌లో దెబ్బ తగిలితే అది ఆదివారం బండి దెబ్బ కాదు, డ్యూటీలో దెబ్బ. ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగితే నువ్వు వస్తావా? పైగా వీడిని కూర్చోబెడితే రేపు మిగతావాళ్లంతా నడుం నొప్పంటారు.

బావమరిది: నడుం నొప్పన్నవాడిని కూడా డాక్టరు కాగితం తెమ్మను. చైన్ బ్లాక్ సంగతి నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు, అటు పోనివ్వకు. ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు, ఎన్నాళ్లు, అవి రాయించి గోడకి అంటించు. రెండు వారాలకోసారి డాక్టరికి చూపించి పెంచుకుంటూ పో. బాగవకపోతే అప్పుడు చూద్దాం.

బావ: డబ్బో? సగం పనికి పూర్తి కూలి నేనెందుకివ్వాలి?

బావమరిది: మార్కింగ్ సగం పని అని ఎవరన్నారు?

బావ: మస్టర్‌లో ఏం రాయమంటావు?

బావమరిది: పూర్తి రోజు.

బావ: నీ రైల్వే బుద్ధి పోదు. సోమవారం ఎనిమిదికి రమ్మను, ఆ కాగితం పట్టుకుని. మొదటి రెండు వారాలకే పూర్తి కూలి, తర్వాత నేను చూసుకుంటా. ఒరే, పుత్తూరు కట్టు మాత్రం నేనన్నదే రైటు.