చిన్న కారు బేరంలో మైలేజీకి ఇంత బరువెందుకు?

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారిన నాటి నుంచి చిన్న కార్ల షోరూములకు మళ్లీ కళ వచ్చింది. పొడవు నాలుగు మీటర్లు మించని, పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ దాటని కార్లపై అంతకుముందు 28 శాతం జీఎస్టీ, దానిపైన 1 శాతం సెస్సు ఉండేవి. ఇప్పుడు 18 శాతంతో సరిపోతోంది. ఆ తగ్గింపుతో మారుతీ స్విఫ్ట్, టాటా పంచ్, హ్యుందాయ్ ఎక్స్‌టర్, నిస్సాన్ మాగ్నైట్ వంటి కార్ల బేస్ వేరియంట్ల (తక్కువ సౌకర్యాలతో వచ్చే, అన్నిటికన్నా చవకైన రకాల) ఎక్స్‌షోరూమ్ ధరలు ఆరు లక్షల రూపాయల లోపుకు దిగివచ్చాయి. తొలి కారు కొనాలనుకునే మధ్యతరగతి కుటుంబానికి ఇది నిజంగా మంచి అవకాశం. అయితే షోరూములో అడుగుపెట్టగానే మనవాళ్లు అడిగే మొదటి రెండు ప్రశ్నలు మాత్రం ముప్పై ఏళ్లుగా మారలేదు: ధర ఎంత, మైలేజీ ఎంత ఇస్తుంది? మొదటి ప్రశ్నకు దొరికే జవాబు అసంపూర్తిగా ఉంటుంది. రెండో ప్రశ్నకు దొరికే జవాబు, నెలకు ఐదారు వందల కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి, మనం అనుకున్నంత ముఖ్యమైనది కాదు.

కాగితం మీద ఈ కార్లన్నీ దాదాపు ఒకేలా కనిపించడానికి కారణం పన్ను విధానమే. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు కార్లకు ఎక్సైజ్ సుంకం తగ్గించినప్పటి నుంచి కంపెనీలు ఆ గీత దాటకుండానే కార్లు గీస్తున్నాయి. మాగ్నైట్ పొడవు 3994 మిల్లీమీటర్లు ఉండటం యాదృచ్ఛికమేమీ కాదు. స్విఫ్ట్, పంచ్, ఎక్స్‌టర్ మూడింటిలోనూ 1.2 లీటర్ల ఇంజిన్లే. టర్బో లేని మామూలు పెట్రోలు ఇంజిన్ల శక్తి 82 నుంచి 88 పీఎస్ మధ్యే ఉంటుంది. నగరంలోనైనా, జాతీయ రహదారి మీదైనా ఆ ఐదారు పీఎస్‌ల తేడాను గుర్తుపట్టడం మామూలు డ్రైవరుకు సాధ్యం కాదు. కాబట్టి ఇంజిన్ పట్టికలు పక్కపక్కన పెట్టుకుని గంటలు గడపడం వల్ల తేలేది తక్కువ.

మైలేజీ సంగతి లెక్కతోనే తేల్చుకుందాం. కంపెనీ చెప్పే అంకె ప్రకారం మాన్యువల్ స్విఫ్ట్ లీటరుకు 24.8 కిలోమీటర్లు, మాన్యువల్ ఎక్స్‌టర్ 19.4 కిలోమీటర్లు ఇస్తాయి. చూడగానే ఇది పెద్ద అంతరంలా అనిపిస్తుంది. కానీ నెలకు 500 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి మొదటిదానిలో సుమారు 20.2 లీటర్లు, రెండోదానిలో 25.8 లీటర్లు పడతాయి. లీటరు 108 రూపాయలనుకుంటే తేడా నెలకు దాదాపు 600 రూపాయలు, ఏడాదికి 7,300 లోపే. అదే నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్‌కు ఈ తేడా ఏడాదికి 29 వేల రూపాయలవుతుంది. అలాంటివారు మైలేజీని పట్టించుకోవడం సబబే, సీఎన్‌జీ గురించి ఆలోచించడం ఇంకా సబబు. ఆదివారం గుడికి, పండగకు సొంతూరికి, వానొస్తే పిల్లల బడికి మాత్రమే కారు తీసే కుటుంబం మాత్రం ఆ 600 రూపాయల కోసం మిగతావన్నీ వదులుకోనక్కర్లేదు.

పైగా ఆ అంకెలు మన రోడ్లమీద పుట్టినవి కావు. పరీక్షశాలలో రోలర్ల మీద, నిర్ణీత వేగాల వరుసలో, గంటకు 90 కిలోమీటర్లు మించకుండా, ఏసీ వేయకుండా తీసినవి. మే నెలలో విజయవాడలో ఏసీ లేకుండా కారు నడిపేవాళ్లెవరూ ఉండరు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే సుమారు మూడోవంతు తక్కువ కనుక మైలేజీ మరికాస్త తగ్గుతుంది. అన్ని కార్లకూ ఈ తగ్గుదల ఉంటుంది కాబట్టి పోలికకు కంపెనీ అంకె పనికొస్తుంది కానీ, ఇంటి ఖర్చు లెక్క వేసుకోవడానికి పనికిరాదు.

అసలు తేడా ఉన్న చోటు మరొకటి ఉంది: ప్రమాదం జరిగినప్పుడు కారు బాడీ ఎలా ప్రవర్తిస్తుందన్నది. కార్లను ఢీకొట్టించి భద్రతకు అయిదు వరకు నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2014 జనవరిలో తొలిసారి భారతీయ కార్లను ఢీకొట్టించి చూసినప్పుడు ఆల్టో 800, టాటా నానో, ఫోర్డ్ ఫిగో, హ్యుందాయ్ ఐ10, ఫోక్స్‌వ్యాగన్ పోలోల బేస్ వేరియంట్లు ఐదింటికీ సున్నా నక్షత్రాలే వచ్చాయి. అప్పట్లో చట్టం కూడా ఇలాంటి పరీక్షను కోరేది కాదు. ఆ తర్వాత పరిస్థితి చాలా మెరుగుపడింది. టాటా కార్లలో 2018 డిసెంబరులో నెక్సాన్‌కు, 2020లో ఆల్ట్రోజ్‌కు, 2021 అక్టోబరులో పంచ్‌కు అయిదేసి నక్షత్రాలు వచ్చాయి. 2024 నవంబరులో మారుతీ కొత్త డిజైర్ పెద్దల భద్రతలో అయిదు నక్షత్రాలు తెచ్చుకుంది. ఆ కంపెనీకి అది తొలిసారి. మరోవైపు 2022లో పరీక్షించిన అప్పటి స్విఫ్ట్‌కు, 2023లో పరీక్షించిన వ్యాగన్ఆర్‌కు ఒక్కో నక్షత్రమే దక్కింది, రెండింటి బాడీ నిర్మాణం స్థిరంగా లేదని నివేదికలు తేల్చాయి.

ఈ నక్షత్రాలను చదవడంలోనూ జాగ్రత్త అవసరం. 2022 మధ్యలో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షా నియమాలను కఠినం చేసింది. పక్క నుంచి ఢీకొట్టడం, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ వంటివి అప్పుడే అన్ని కార్లకూ లెక్కలోకి వచ్చాయి. కనుక 2021 నాటి అయిదు నక్షత్రాలనూ 2023 నాటి ఒక నక్షత్రాన్నీ ఒకే కొలబద్దతో తూచడం న్యాయం కాదు. అయినా ఒక్క విషయం స్పష్టం: పంచ్ 2021లో ఆ నక్షత్రాలు తెచ్చుకున్నది రెండు ఎయిర్‌బ్యాగులతోనే. అంటే ప్రాణం కాపాడడంలో మొదటి పాత్ర గట్టి బాడీది, ఎయిర్‌బ్యాగుల సంఖ్య ఆ తర్వాతే. 2025లో మారుతీ తన ఆల్టో కే10, వ్యాగన్ఆర్, సెలేరియోలకు ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలోనూ ఇవ్వడం హర్షించదగ్గదే. అయితే దానంతట అదే బాడీ బలాన్ని పెంచదు. అలాగే ఒక మోడల్‌కు వచ్చిన నక్షత్రాలు అదే కంపెనీ తయారుచేసిన పక్క మోడల్‌కు అంటవు. డిజైర్‌కు అయిదు వచ్చాయి కాబట్టి స్విఫ్ట్‌కూ అంతే అని సేల్స్‌మన్ చెబితే, స్విఫ్ట్ పేరుతో ఉన్న నివేదిక చూపించమని అడగాలి.

మన దేశపు సొంత పరీక్షా విధానమైన భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ముందు నుంచి ఢీకొట్టే పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో జరుగుతుంది. చట్టం తప్పనిసరి చేసిన కనీస పరీక్ష వేగం 56 కిలోమీటర్లే. అయిదు నక్షత్రాలకు పెద్దల భద్రతలో 32కి 27, పిల్లల భద్రతలో 49కి 41 మార్కులు రావాలి. పిల్లలున్న ఇంట్లో ఆ రెండో అంకెను విడిగా చూడాలి. అయితే ఈ పరీక్షకు కారును పంపడం కంపెనీ ఇష్టం. ఫ్రిజ్ మీద కరెంటు పొదుపు నక్షత్రాలు లేకుండా అమ్మనివ్వని ప్రభుత్వం, కారు మీద ప్రాణరక్షణ నక్షత్రాలను కంపెనీల ఇష్టానికి వదిలేయడం నాకు ఏమాత్రం మింగుడుపడదు. పరీక్షించని కారైతే ‘పరీక్షించలేదు’ అని షోరూము ధరల బోర్డు మీదే రాయించాలి. విజయవాడ జాతీయ రహదారి మీద చీకట్లో, వెనుక లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీలను ఢీకొన్న కార్ల ఫొటోలు పత్రికల్లో చూసే మనకు ఈ డిమాండు అతిగా అనిపించకూడదు.

ఇక ధర. కారును కారుతో పోల్చడం వల్లనే ఇక్కడ చాలామంది దారి తప్పుతారు. పోల్చాల్సింది వేరియంట్‌ను వేరియంట్‌తో. ప్రకటనలో కనిపించే ధర బేస్ వేరియంట్‌ది, ప్రకటనలో కనిపించే కారు మాత్రం టాప్ ఎండ్‌ది. ఈ రెండింటి మధ్య లక్షల రూపాయల అంతరం ఉంటుంది. ఏ వేరియంట్ దగ్గర ఆగాలో తేల్చుకోవడానికి నాకు తెలిసిన మంచి పద్ధతి ఒకటే. తర్వాత బయట బిగించుకోగలిగినవి ఏవి, కంపెనీలో తప్ప బిగించలేనివి ఏవి అని రెండుగా విడదీయాలి. మ్యూజిక్ సిస్టమ్, సీటు కవర్లు, రివర్స్ కెమెరా, అల్లాయ్ చక్రాలు మొదటి రకం. ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ, పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు, వెనుక మధ్య సీటుకు భుజం మీదుగా వచ్చే బెల్టు రెండో రకం. రెండో రకం అన్నీ దొరికే అతి చవకైన వేరియంటే ఆ కారుకు అసలు ప్రారంభ ధర. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్, డ్రైవరు ఎయిర్‌బ్యాగు మా కారు ప్రత్యేకత అని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు, అవి 2019 నుంచే అన్ని కార్లకూ తప్పనిసరి.

ఈమధ్య మా బంధువొకరు తెచ్చుకున్న కొటేషన్ కాగితం చూశాను. ఎక్స్‌షోరూమ్ ధర కింద లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్ వరుసగా ఉన్నాయి. ఆ తర్వాత ‘ఎసెన్షియల్ కిట్’ పేరుతో మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు, బాడీ కవరు, అన్నిటికన్నా కింద హ్యాండ్లింగ్ ఛార్జీలు. కిట్ అక్కర్లేదని, హ్యాండ్లింగ్ ఛార్జీలకు ఏ ఆధారం ఉందో రాతపూర్వకంగా ఇవ్వాలని అడిగిన వెంటనే ఆ రెండు వరుసలూ కొట్టేశారు. ఇన్సూరెన్స్‌లో బేరానికి ఇంకా ఎక్కువ చోటుంది. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ (మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా) తప్పనిసరి. దాని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించినదే కాబట్టి ఎక్కడ తీసుకున్నా ఒకటే, మారేదల్లా సొంత డ్యామేజీకి వేసే ప్రీమియం. షోరూము ఇచ్చిన పాలసీలో ఉన్న ఐడీవీ (కారుకు కట్టిన బీమా విలువ), జీరో డిప్రిసియేషన్ (మార్చిన విడిభాగాలకు అరుగుదల కోయకుండా చెల్లించే సదుపాయం)లతోనే బయట మరో కంపెనీ కొటేషన్ తీసుకుంటే వేలల్లో తేడా కనిపిస్తుంది. పాలసీ తమ దగ్గరే తీసుకోవాలని బలవంతపెట్టే హక్కు డీలరుకు లేదు.

ఈఎంఐ కూడా ఇలాంటిదే. ఆరు లక్షల అప్పు 9.5 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు 12,600 రూపాయలు, ఏడేళ్లకైతే 9,800 రూపాయలు పడుతుంది. రెండోది తేలికగా కనిపించినా మొత్తం మీద 67 వేలకు పైగా వడ్డీ అదనంగా కడతారు. మైలేజీలో ఏడాదికి ఏడు వేలు మిగలాలని పట్టుబట్టేవారు ఈ అరవై ఏడు వేల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడం ఆశ్చర్యంగా ఉంటుంది.

సీఎన్‌జీ తీసుకునేవారు తమ ఊళ్లో బంకు ఎక్కడుంది, క్యూ ఎంత ఉంటుందన్నది ముందు చూసుకోవాలి. డిక్కీలో పెద్ద సిలిండరు పెడితే సూట్‌కేసు పట్టదు. టాటా, హ్యుందాయ్ రెండు చిన్న సిలిండర్లను డిక్కీ అడుగున అమర్చి ఈ ఇబ్బందిని కొంత తగ్గించాయి. గేర్ల విషయంలో, చవకగా దొరికే ఏఎంటీ (క్లచ్ నొక్కకుండానే గేర్లు మారే పద్ధతి) నగరపు ట్రాఫిక్‌లో ఎడమకాలికి విశ్రాంతినిస్తుంది కానీ గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది, ఘాట్ ఎక్కేటప్పుడు ఆలస్యంగా స్పందిస్తుంది. శ్రీశైలం, అరకు దారుల్లో తరచూ తిరిగేవారు ఫ్లైఓవరు ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించి చూసుకున్నాకే నిర్ణయించుకోవాలి.

టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లడం మనవాళ్లలో కనిపించే మరో పొరపాటు. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని వెనుక సీటులో ఎక్కించి, దింపి చూడాలి. వంగకుండా కూర్చోగలిగే ఎత్తు పంచ్, ఎక్స్‌టర్ వంటి వాటిలో ఉంటుంది, స్విఫ్ట్‌లో సీటు కిందికి ఉంటుంది. స్విఫ్ట్ డిక్కీ 265 లీటర్లు, ఎక్స్‌టర్‌ది 391 లీటర్లు. సంక్రాంతికి ఊరి నుంచి బియ్యం బస్తా, పచ్చడి జాడీలతో తిరిగొచ్చే కుటుంబానికి ఆ తేడా ఏ బ్రోషరూ చెప్పనంత పెద్దది. గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ కారు అడుగుకూ మధ్య ఎత్తు) స్విఫ్ట్‌కు 163, ఎక్స్‌టర్‌కు 185, మాగ్నైట్‌కు 205 మిల్లీమీటర్లు. నలుగురూ ఎక్కాక, తమ వీధిలోని స్పీడ్ బ్రేకరు మీదుగా ఒకసారి పోనిస్తే అడుగు తగులుతుందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. స్విఫ్ట్‌కు అనుకూలమైన అంశమూ ఉంది: మారుతీ సర్వీసు కేంద్రం చిన్న పట్టణాల్లో సైతం దొరుకుతుంది, పాత కారుగా అమ్మేటప్పుడూ మంచి ధర పలుకుతుంది. మండల కేంద్రంలో ఉంటూ, సర్వీసింగ్ కోసం వంద కిలోమీటర్లు వెళ్లలేని కుటుంబం ఆ సౌకర్యం కోసమే దాన్ని ఎంచుకుంటే తప్పుపట్టలేం. అలా ఎంచుకున్నవారు వెనుక కూర్చున్నవారికి కూడా బెల్టు పెట్టించాలి, పసిపిల్లను ఒళ్లో కాకుండా పిల్లల సీటులోనే కూర్చోబెట్టాలి. ఆ సీటుకయ్యే డబ్బును కూడా కారు బడ్జెట్‌లోనే వేసుకోవాలి.