డీజిల్ పోశాక మొదలయ్యే తిప్పలు

హైదరాబాద్ దాటి ఇబ్రహీంపట్నం వైపు ఏ ఇంట్లోనైనా పాత బి-275 ట్రాక్టర్ మిగిలి ఉంటే, దానితోపాటు ఓ వేపపుల్ల కూడా ఉంటుంది. 1963లో మహీంద్రా, ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్ కలిసి పెట్టిన కంపెనీ బండి అది. నాలుగు సిలిండర్లు, 35 హార్స్‌పవర్. పుల్ల మాత్రం డీజిల్ మీటరు. ట్యాంకులో ముంచి తీస్తే సగం తడిసిందా, "ఇంకో ఎకరం వస్తది" అని పెద్దనాయన తీర్పు.

పుల్లకు తెలియనిది ఒకటుంది. కరిగెటలో, అంటే దమ్ము చేసిన మడిలో, ఒక చక్రం దిగబడి బండి ఒరిగితే, ఉన్న కాస్త డీజిల్ ఓ మూలకు జరుగుతుంది, పైపు మూతి బయటపడుతుంది. పంపు గాలి పీలుస్తుంది. ఇంజన్ రెండుసార్లు దగ్గి మడి నడుమ ఆగుతుంది.

క్యాన్‌తో డీజిల్ తెచ్చి పోసినవాడు గట్టుమీద మీసం దువ్వుతాడు. బండి ఉలకదు. గాలి నొక్కితే నలుగుతుంది, డీజిల్ నలగదు. పైపులో గాలి ఉన్నంతసేపు, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకునే ప్రెషర్ రాదు. ఇది వినే ఓపిక ఎవరికి? "సెల్ఫ్ కొట్టు తమ్మీ" అని చిన్నాయిన, "హీటర్ పట్టు" అని బావ, "నిమ్మకాయ తొక్కిచ్చిండ్రా?" అని అవ్వ. సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టకూడదు, మళ్లీ కొట్టేముందు అర నిమిషం ఆగాలి. ఇక్కడ బ్యాటరీ పండేదాకా కొడతారు.

చేయాల్సింది వేరే. ఫిల్టర్ మీది గాలి స్క్రూ ఒకటి రెండు చుట్లు వదిలి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు చేతిమీట ఆడించాలి. ముందు నురగ, తర్వాత బుడగలు, ఆపైన ధార. ధార పారుతుండగానే బిగించాలి. మీట బరువు తగలకపోతే పంపును తిట్టొద్దు, అది తనను నడిపే కామ్ ఎత్తుమీద ఆగింది. ఇంజన్ ఒక చుట్టు తిప్పితే సరి. నాజిళ్లకు డీజిల్ నెట్టే ఇంజెక్షన్ పంపు మీది స్క్రూకీ అదే వరస. ఆఖర్న నాజిల్ పైపుల నట్లు కాస్త వదిలి, ఇంజన్ తిప్పుతూ, డీజిల్ చిమ్మగానే బిగించాలి.

వదులు చెయ్యమంటే బావ స్క్రూ మొత్తం ఊడదీస్తాడు. దాని కింది రాగి వాషర్ టప్పున బురదలో పడుతుంది. ఇల్లంతా మోకాళ్లమీద కూర్చుని మడి దేవుతుంది. అవ్వ బియ్యం జల్లెడ కూడా తెస్తుంది. నత్తలు దొరుకుతాయి.

ఇక బస్సెక్కి సికింద్రాబాద్ రాణిగంజ్ పోవాల్సిందే. అక్కడ దుకాణంలో రాగి వాషర్లు డబ్బాల నిండా ఉంటాయి, అన్నీ వేర్వేరు సైజులు.

"శాంపిల్ తెచ్చినవా అన్నా?"

స్క్రూ బండి బానెట్ మీద ఉంది.