పటం వెనక ఏముందో చూసే పరీక్ష కావాలి

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ పటాలు కట్టే షాపుకి వచ్చేవి రెండు రకాలు. దేవుడి బొమ్మలు, పెళ్లి ఫొటోలు, సన్మాన పత్రాలు ఒక రకం. వీటికి సర్టిఫికెట్ ఉన్న పనివాడే కావాలని ఎవరూ అడగరు, అడగక్కర్లేదు కూడా. పైడితల్లి అమ్మవారి పటం పాడైతే ఇంకోటి కొనుక్కుంటాం. రెండో రకం ఇంట్లో ఉన్న ఒకే ఒక్క తాతగారి ఫొటో. పటాలు కట్టేవాళ్లకి గుర్తింపు పరీక్ష ఉండాలన్న నా గొడవంతా దాని గురించే.

దానికి మామూలుగా జరిగేది ఇదీ: ఫొటోని గాజుకి ఆనించి, వెనక అట్టో హార్డ్‌బోర్డో పెట్టి, చిన్న మేకులు కొట్టి, బ్రౌన్ టేపు వేస్తారు. పటం చుట్టూ ఉండే బీడింగ్ చట్రం మూలలు 45 డిగ్రీల్లో సందు లేకుండా కలిస్తే పనితనం బాగుందంటాం. వానాకాలంలో గోడ చెమ్మ లోపలికి చేరి ఫొటో మీది జెలటిన్ పొర మెత్తబడుతుంది, గాజుకి అతుక్కుంటుంది. తర్వాత ఎవరైనా విడదీయబోతే ముఖం గాజుతో పాటే వచ్చేస్తుంది. చవక అట్టలోని ఆమ్లం కాగితాన్ని పసుపురంగుకి తిప్పుతుంది. అసలు ప్రింటునే చెక్క మీద అంటించి లామినేషన్ చేశారా, ఇక తీసే దారే లేదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు చూసిన జిల్లాలివి. ఇక్కడ చెమ్మ సంగతి తెలియని పటం పని సగం పనే.

చిక్కేమిటంటే, ఇవేవీ డబ్బు చెల్లించే రోజున కనబడవు. గుర్తింపు పరీక్ష ఉండాలనడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇదొక్కటే.

అమెరికాలో ప్రొఫెషనల్ పిక్చర్ ఫ్రేమర్స్ అసోసియేషన్ సీపీఎఫ్ (సర్టిఫైడ్ పిక్చర్ ఫ్రేమర్) అనే గుర్తింపు ఇస్తుంది. బ్రిటన్‌లో 1910లో పుట్టిన ఫైన్ ఆర్ట్ ట్రేడ్ గిల్డ్ జీసీఎఫ్ అనే ఇలాంటి గుర్తింపే ఇస్తుంది. రెండూ ఇష్టమున్నవాళ్లు తీసుకునేవే, లైసెన్సులు కావు. విలువైన బొమ్మల విషయంలో అక్కడి పద్ధతి ఒకటే: ఏం చేసినా రేపు విప్పదీయడానికి వీలుండాలి. అందుకే ఆమ్లం లేని మౌంటు (బొమ్మని అమర్చే అట్ట), గాజుకీ బొమ్మకీ మధ్య ఖాళీ, టేపు బదులు గోధుమపిండి గంజితో అంటించే పల్చటి జపాన్ కాగితపు పట్టీలు.

మన దగ్గర 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగి ఉన్నాడు, పూలదండలు కట్టేవాళ్లున్నారు, పటాలు కట్టేవాళ్లు మాత్రం లేరు. చేస్తూ నేర్చుకున్న పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి కేంద్ర నైపుణ్య పథకంలో ఇప్పటికే ఉంది, దాన్నే వాడుకోవచ్చు. అయితే ఇంగ్లిష్‌లో ప్రశ్నపత్రం పెడితే ముందు ఫెయిలయ్యేది ముప్పయ్యేళ్లుగా గాజు కోస్తున్నవాడే. ఒక పాత పటం చేతికిచ్చి విప్పమనాలి. ఏం చూశాడో, ఏం చేస్తాడో తెలుగులో నోటితో చెప్పనివ్వాలి. వెనకవైపు చూసి మార్కులు వేయాలి.

ఖర్చు మాటేమిటి? మంచి మౌంటు బోర్డు వాడితే ధర పెరుగుతుంది, మనమేమో యాభై రూపాయల దగ్గర బేరమాడతాం. అడిగేవాడు లేకపోతే ఆ సర్టిఫికెట్ కూడా షాపు గోడకి ఇంకో పటమవుతుంది, అదీ గాజుకి ఆనించి కట్టిందే! కాబట్టి ముందు అడగాల్సింది సర్కారు. పాత ఫొటోలు, చేతిరాతలు భద్రపరిచే మ్యూజియంలు, గ్రంథాలయాలు, కాలేజీలు పటాలు కట్టించేటప్పుడు టెండరులో ఈ గుర్తింపు ఉన్నవాళ్లే కట్టాలన్న ఒక్క షరతు పెడితే, పరీక్షకి రావడానికి మనిషికో కారణం దొరుకుతుంది.

అందాకా పాత ఫొటో ఉన్నవాళ్లు దాన్ని స్కాన్ చేయించి కాపీకి పటం కట్టించుకోవడం మేలు. అసలుది ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టి, చెమ్మ తగలని బీరువాలో ఉంచండి.