సూది నేర్పారు, లెక్కల పుస్తకం ఇవ్వలేదు

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల పల్లెల్లో మధ్యాహ్నం వంటపని తెమిలాక అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. ఎడమచేతి వేలికి దారం, కుడిచేతిలో కొక్కెం సూది. చూపు సూది మీద ఉండదు. పక్కింటావిడతో కబుర్లు నడుస్తూనే ఉంటాయి, పువ్వు పక్కన పువ్వు పడుతూనే ఉంటుంది. ఈ పనిని స్కాట్లండ్ నుంచి వచ్చిన మక్రే అనే మిషనరీ దంపతులు 1844 ప్రాంతంలో ఇక్కడివాళ్ళకు నేర్పారని చెబుతారు. తొలినాళ్ళలో సూది పట్టినవాళ్ళలో ఎక్కువమంది కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన మాల, మాదిగ ఇళ్ళ ఆడవాళ్ళే. భక్తితో మొదలై నలుగురికి ఉపాధి చూపే ఇలాంటి పనిని ఇప్పుడు సదస్సుల్లో సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటున్నారు. దానికి మన గడ్డ మీద ఇంతకంటే పాత ఉదాహరణ వెతకనక్కర్లేదు.

మరి ఏమైంది? 1970ల చివర్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ వచ్చి చూసేసరికి లేసు విదేశాలకు వెళ్తోంది, వ్యాపారం మగవాళ్ళ చేతుల్లో ఉంది. అల్లే ఆడవాళ్ళను కార్మికులుగా కూడా ఎవరూ లెక్కపెట్టడం లేదు, ఇంట్లో కూర్చుని పొద్దుపుచ్చే గృహిణులన్నారు. రోజంతా అల్లినా పొలం కూలి కంటే తక్కువే చేతికొచ్చేది. 2024లో నరసాపురం లేసుకు, ఇది ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకని చెప్పే జీఐ గుర్తింపు దక్కింది. సంతోషమే. కానీ తాను అల్లిన ముక్క ఏ దేశంలో ఎంతకు అమ్ముడవుతుందో తెలిసినవాళ్ళు ఆ అరుగుల మీద ఎందరుంటారు?

దైవభక్తితో నలుగురికి ఉపాధి చూపాలనుకునే వాళ్ళకు మనం అందిస్తున్న సాయం ఇప్పటికీ ఇలాగే ఉందని నా అభిప్రాయం. శిక్షణ ఇస్తాం, సర్టిఫికెట్ ఇస్తాం, గ్రూప్ ఫొటో దిగుతాం. పెట్టుబడి, ఆర్డరు మాత్రం వేరేవాళ్ళ దగ్గరే ఉంటాయి.

పెట్టుబడి సంగతే చూడండి. దళిత క్రైస్తవ యువకుడొకడు తన పేటలో పదిమందికి పని చూపించే యూనిట్ పెడదామనుకున్నాడనుకుందాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే మిగిలారు. మన దగ్గర క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు, రిజర్వేషన్ 1 శాతం. 2016లో ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు అంటూ వచ్చి, 2025 మార్చి దాకా నడిచిన స్టాండప్ ఇండియా పథకంలో ఇలాంటి కుర్రాళ్ళకు చోటు దక్కలేదు. కేంద్ర సంస్థల కొనుగోళ్ళలో ఎస్సీ, ఎస్టీ వ్యాపారులకు కేటాయించిన 4 శాతంలోనూ ఈ కుర్రాడికి చోటు లేదు. చిన్న యూనిట్లు పెట్టేవాళ్ళకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీలో బీసీలకు, మైనారిటీలకు కూడా గ్రామాల్లో 35 శాతం సబ్సిడీ ఉంది కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోలేదు. అయినా చాలామంది కాగితం మీద హిందువుగా, ఆదివారం మందిరంలో విశ్వాసిగా రెండు జీవితాలు నడుపుతుంటారన్నది ఊళ్ళో అందరికీ తెలిసిన రహస్యమే. ఏ నమ్మకం అతన్ని ఈ పనికి పురికొల్పిందో, బ్యాంకు మేనేజరు ముందు ఆ నమ్మకాన్నే దాచుకోవాలి.

హైదరాబాద్ పాతబస్తీ ముస్లిం కుట్టుపనివాడిది ఇంకో చిక్కు. నాలుగు మిషన్లు కొని, పేటలో ఖాళీగా ఉన్న ఆడపిల్లలకు పని ఇద్దామనుకుంటాడు, కానీ తన మతం ఒప్పదు కాబట్టి వడ్డీ ముట్టనంటాడు. తక్కువ వడ్డీ అప్పులు చూపించి అతన్ని ఒప్పించలేం. అతనికి అడ్డం వడ్డీ రేటు కాదు, వడ్డీయే. ఆర్థిక రంగ సంస్కరణల మీద వేసిన రఘురామ్ రాజన్ కమిటీ 2008లోనే వడ్డీలేని బ్యాంకింగ్‌ను పరిశీలించమంది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచన పక్కన పెట్టేసింది. సరిహద్దు అవతల లాహోర్‌లో అమ్జద్ సాకిబ్ 2001లో ఒక మహిళకు 10 వేల రూపాయల వడ్డీలేని అప్పుతో అఖువత్ అనే సంస్థ మొదలుపెట్టారు. మసీదుల్లోనే కాదు, చర్చిల్లో కూడా కూర్చుని అప్పులిస్తారు, మతం చూడరు. ఎగవేతలు నామమాత్రం. దేవుడి ముందు తీసుకున్న అప్పు ఎగ్గొట్టాలంటే మనసొప్పదు కదా! 2021లో సాకిబ్‌కు మెగసెసే అవార్డు వచ్చింది.

ఆ మనసొప్పకపోవడాన్నే ఎర వేసేవాళ్ళూ ఉన్నారు. వడ్డీ కాదు, మతం ఒప్పే హలాల్ లాభాలంటూ వేల కుటుంబాల డబ్బు పోగేసిన బెంగళూరు ఐఎంఏ అనే పెట్టుబడుల కంపెనీ 2019లో కుప్పకూలింది. అందుకే భక్తి ఉన్న చోట ఆడిట్ ఇంకాస్త గట్టిగా ఉండాలంటాను. సాయం తీసుకున్నవాళ్ళు సొంత మతం వాళ్ళకే పని ఇస్తామన్నా, పనికి ప్రార్థనను ముడిపెట్టినా సాయం అక్కడే ఆపేయాలి.

ఇక ఆర్డరు. న్యూయార్క్‌లో బెర్నీ గ్లాస్‌మన్ అనే జెన్ బౌద్ధ గురువు 1982లో గ్రేస్టన్ బేకరీ పెట్టారు. అక్కడ ఉద్యోగానికి ఇంటర్వ్యూ లేదు, జైలుకెళ్ళొచ్చావా అన్న ప్రశ్న లేదు. జాబితాలో పేరు రాయించుకుని, వంతు వచ్చాక పనిలో చేరడమే. వినడానికి బాగుంది. అయితే ఆ బేకరీ నిలబడింది విరాళాల వల్లనో గురువుగారి ధ్యానం వల్లనో అనుకుంటే పొరపాటు. బెన్ అండ్ జెర్రీస్ ఐస్‌క్రీమ్ కంపెనీ అక్కడి బ్రౌనీలు, అంటే చాక్లెట్ కేకు ముక్కలు, కొనడం మొదలుపెట్టింది, ఏళ్ళ తరబడి కొంటూనే ఉంది. రోజూ బండి ఎక్కే సరుకే జీతాలిచ్చింది.

మన దగ్గర అలాంటి కొనుగోలుదారులకు కరువా? మిషన్ ఆసుపత్రులకు దుప్పట్లు కావాలి, మైనారిటీ విద్యాసంస్థలకు యూనిఫారాలు కావాలి. దేవస్థానాలకు అవసరం లేని వస్తువే లేదు. వాడేసిన పూలు కూడా సరుకేనని 2021లో ఏడు రకాల అగరొత్తులు తెచ్చి తిరుమల చూపించింది. ఈ సంస్థలు తమ కొనుగోళ్ళలో వందకు ఐదు రూపాయల పని ఇలాంటి చిన్న యూనిట్లకు ఇస్తామని రాసుకుంటే, సగం డబ్బు ముందే చేతిలో పెడితే, ప్రభుత్వ పథకం కోసం ఎదురుచూడక్కర్లేదు. ధర కాస్త ఎక్కువ పడుతుంది, నిజమే. మొదటి లాటులో కుట్లు వంకర పోవచ్చు కూడా.

గోదావరి జిల్లాలోనే ఒక చర్చికి పోయిన క్రిస్మస్‌కు వెళ్ళాను. ప్రభువు బల్ల మీద తెల్లటి లేసు గుడ్డ పరిచారు. దగ్గరికి వెళ్ళి చూస్తే మిషన్ లేసు. ఎక్కడ తెచ్చారని సంఘ పెద్దను అడిగాను. "విజయవాడలో హోల్‌సేల్ షాపండీ, చవగ్గా ఇచ్చాడు" అన్నారాయన. ఆడవాళ్ళ వైపు చాపల మీద కూర్చున్నవాళ్ళలో కనీసం పదిమంది చేతికి సూది పట్టినవాళ్ళే. ఒకావిడ చూపుడువేలి మీద దారం కోసిన గీత అలాగే ఉంది.