తలకింత సీటు, గదికింత బస: కుటుంబ విహారానికి పాయింట్ల లెక్క

క్రెడిట్ కార్డు పాయింట్లతో బాలి, ఫుకెట్, మాల్దీవులు చుట్టి రావడం ఎలాగో చెప్పే సలహాలకు ఇప్పుడు తెలుగులోనూ కొదవ లేదు. వాటిలో ఎక్కువ భాగం ఒంటరి ప్రయాణికుడికో, కొత్తగా పెళ్లయిన జంటకో పనికివచ్చే లెక్కలే. బడికి వెళ్లే ఇద్దరు పిల్లలున్న ఇంటికి అవి యథాతథంగా వర్తించవు. ఒక్కో పాయింటుకు ఎంత విలువ రాబట్టామన్న ప్రశ్న కంటే, ఆ పాయింట్లను విమానం సీటు మీద పెట్టాలా, హోటల్ గది మీద పెట్టాలా అన్నదే అలాంటి కుటుంబానికి ముఖ్యం. చాలా సందర్భాల్లో గది మీద పెట్టడమే మేలని నా అభిప్రాయం.

విమానంలో పాయింట్లు తలకింత చొప్పున ఖర్చవుతాయి, హోటల్లో గదికింత చొప్పున. రెండేళ్లు నిండిన పిల్లవాడికి విమానంలో సొంత సీటు కావాలి, దానికి సాధారణంగా పెద్దవారితో సమానంగానే మైళ్లు, అంటే విమానయాన సంస్థల పాయింట్లు, చెల్లించాలి. హోటల్లో అదే పిల్లవాడు అమ్మానాన్నల గదిలోనే పడుకుంటాడు. ఒకవైపు ప్రయాణానికి మనిషికి 15,000 మైళ్లు అనుకుంటే, నలుగురు వెళ్లి రావడానికి 1,20,000 మైళ్లు కావాలి. పన్నులు చేతి నుంచి కట్టుకోవాలి. రాత్రికి 20,000 పాయింట్లు అడిగే హోటల్లో ఐదు రాత్రులకు లక్ష అవుతుంది. మారియట్ హోటళ్ల పాయింట్ల పథకమైన బాన్‌వాయ్‌లో వరుసగా ఐదు రాత్రులు పాయింట్లతో తీసుకుంటే ఒక రాత్రి ఉచితం కనుక, 80,000తోనే పని జరిగిపోతుంది. అయితే ఆ గదిలో నలుగురిని అనుమతిస్తారో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే చాలా రిసార్టుల్లో మామూలు గదికి ముగ్గురే పరిమితి.

సీట్ల విషయంలో అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. మైళ్లతో ఇచ్చే చౌక సీట్లను విమానయాన సంస్థలు ఒక్కో విమానంలో కొన్నే కేటాయిస్తాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి క్రిస్‌ఫ్లయర్ పథకంలో ఒక్క ప్రయాణికుడని పెట్టి వెతికితే రద్దీ రోజుల్లో కూడా అక్కడో సీటు, ఇక్కడో సీటు కనిపించవచ్చు. ఆ అంకెను నాలుగుకు మార్చగానే అదే తేదీ వెయిట్‌లిస్టులోకి జారిపోతుంది. తండ్రీ కొడుకు ఒక విమానంలో, తల్లీ కూతురు మరో విమానంలో వెళ్లడాన్ని విహారయాత్ర అనలేం. పైగా, బ్యాంకు పాయింట్లను ఒకసారి మైళ్లుగా మార్చుకున్నాక వెనక్కి తెచ్చుకునే వీలుండదు. అందువల్ల నాలుగు సీట్లూ కళ్లతో చూసుకున్నాకే పాయింట్లు బదిలీ చేయాలి. క్రిస్‌ఫ్లయర్ మైళ్లకు 36 నెలల గడువు ఉంటుందని కూడా మరువకూడదు.

గది మీద పెట్టాలన్న నా వాదన పెద్దగా నిలవని చోటు మాల్దీవులు. అక్కడ గది ఉచితంగా దొరికినా మిగతాదంతా మళ్లీ తలకింతే. దూరపు దీవులకు రాజధాని మాలే నుంచి సీప్లేన్‌లో, అంటే నీటి మీద దిగే చిన్న విమానంలో, వెళ్లిరావడానికి పెద్దవారికి 400 నుంచి 600 డాలర్ల వరకు అడిగే రిసార్టులు చాలా ఉన్నాయి. ఈ ఖర్చుకు పాయింట్లు సాధారణంగా చెల్లవు. సీప్లేన్లు పగటిపూట మాత్రమే ఎగురుతాయి కాబట్టి సాయంత్రం దిగినవారు ఆ రాత్రి మాలేలోనో, పక్కనే ఉన్న హుల్‌హుమాలే దీవిలోనో డబ్బు పెట్టి గది తీసుకోవాల్సిందే. 2025 జనవరి నుంచి రిసార్టుల్లో గ్రీన్ ట్యాక్స్ అనే ప్రభుత్వ పన్ను మనిషికి రాత్రికి 12 డాలర్లు, అంటే నలుగురికి ఐదు రాత్రులకు 240 డాలర్లు. దీవిలో వేరే భోజనశాల ఉండదు కనుక తిండి ఖర్చు కూడా రిసార్టు చెప్పినంతే. దీనికి భిన్నంగా, బాలిలో 2024 ఫిబ్రవరి నుంచి వసూలు చేస్తున్న పర్యాటక రుసుము మనిషికి 1,50,000 ఇండోనేషియా రుపియా. మన డబ్బులో వెయ్యి రూపాయలు కూడా ఉండదు, అదీ ఒక్కసారే. హోటల్ గేటు దాటితే వీధిలో నాసి గొరెంగ్ (అక్కడి ఫ్రైడ్ రైస్) దొరుకుతుంది.

బాలిని ప్రత్యేకంగా ప్రస్తావించడానికి మన బడుల సెలవులు కూడా కారణం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. మే నెల వచ్చేసరికి ఫుకెట్‌నూ మాల్దీవులనూ నైరుతి రుతుపవనాలు తాకుతాయి, నెలాఖరుకు అండమాన్‌లోనూ వానలు ఊపందుకుంటాయి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న బాలిలో మాత్రం ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలమే. ఆస్ట్రేలియా, ఐరోపా పర్యాటకుల రద్దీ జులై, ఆగస్టుల్లో ఎక్కువ కనుక మేలో పాయింట్ల గదులు దొరికే అవకాశమూ మెరుగు. సంక్రాంతి సెలవులకైతే బాలిలో వానలు, అండమాన్‌లో చక్కని ఎండ. అప్పుడు దారి మార్చుకోవాలి.

ఈ లెక్కలన్నీ కార్డు బిల్లును ప్రతినెలా పూర్తిగా కట్టే ఇంటికే. నూరు రూపాయల ఖర్చు మీద వచ్చే పాయింట్ల విలువ మామూలుగా ఒకటి నుంచి మూడు రూపాయలు. బకాయి పెడితే చాలా కార్డుల్లో వడ్డీ నెలకే మూడున్నర శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఏడాదికి 30 శాతం మించిన వడ్డీ అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది కాబట్టి ఆ రక్షణ కూడా ఇప్పుడు లేదు. పాయింట్ల కోసం అవసరం లేని కొనుగోళ్లు చేసి, విహారయాత్ర బాకీని దసరా దాకా మోసే కుటుంబానికి బ్యాంకు ఇచ్చింది కానుక కాదు, అప్పు.

అమ్మమ్మ, తాతయ్య కూడా బయలుదేరితే లెక్క తిరగబడుతుంది. అప్పుడు రెండు గదులు కావాలి, పాయింట్లు రెట్టింపవుతాయి. అందరూ ఒకే కప్పు కింద ఉండేలా బాలిలో మూడు పడకగదుల విల్లాను డబ్బుతో అద్దెకు తీసుకోవడం తరచు అంతకంటే చవక. పాయింట్లను ఆ ఇద్దరి బిజినెస్ క్లాస్ సీట్లకు మళ్లించవచ్చు: నాలుగు సీట్ల కంటే రెండు దొరకడం తేలిక, క్రిస్‌ఫ్లయర్‌లో ఒక ఖాతాదారు ఐదుగురి దాకా పేర్లు చేర్చి వారికి టికెట్లు తీసుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి హైదరాబాద్ నుంచి సింగపూర్ దాకా రాత్రివేళ నాలుగున్నర గంటలు కాళ్లు చాపుకుని పడుకునే వీలు కలిగితే, ఆ పాయింట్లకు అంతకు మించిన వినియోగం నాకు కనిపించదు.